జువా కాదు జనాబ్, హిసాబ్!



2024 జనవరిలో డెట్రాయిట్ లయన్స్ ఓడిపోయారు. ఆ తర్వాత ఒకటే మాట చెవుల్లో పడింది: "కోచ్ జువా ఆడాడు, సీజన్ బర్బాద్ చేశాడు." అమెరికా టీవీల్లో కూర్చున్న పాత ఆటగాళ్ల దగ్గర్నుంచి మా ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపు దాకా అందరిదీ ఇదే ఫైసలా. నేను ఒప్పుకోను. డాన్ క్యాంప్‌బెల్ మీద వేసిన ఈ ఇల్జామ్ ఝూటా. అంతకంటే ఖతర్నాక్ సంగతి ఏంటంటే, అసలు జువా ఆడిస్తున్నవాళ్లు ఈ మాట చాటున హాయిగా దాక్కుంటున్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో మనలో చాలామందికి పరిచయం లేదు. నాకు ఈ షౌక్ అంటించింది మా ఆపా ఇల్లు. దుల్హాభాయ్ నౌకరీ వల్ల వాళ్లు మిషిగన్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడ హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి. రెండు ఇళ్లలో ఒకటే మ్యాచ్. "మనకెందుకు ఆ ఆట" అనేవాళ్లకు ఒక్క మాట. డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న డియర్‌బర్న్ మసీదుల ఊరు. అక్కడే పుట్టిన రాబర్ట్ సలాహ్ 2021లో న్యూయార్క్ జెట్స్‌కు హెడ్ కోచ్ అయ్యాడు. ఆ లీగ్‌లో తొలి ముస్లిం హెడ్ కోచ్ ఆయనే.

ఆట కాయిదా సులువు. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ఛాన్సులు. మూడింట్లో పని కాలేదనుకోండి, నాలుగోదాని దగ్గర కోచ్ తేల్చుకోవాలి. బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగించొచ్చు. గోల్ దగ్గరగా ఉంటే రెండు స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. లేదా మిగిలిన గజాల కోసమే ఆడొచ్చు. గజాలు వస్తే ఆట సాగుతుంది, టచ్‌డౌన్ దాకా పోతే ఆరు పాయింట్లు, ఆపై ఇంకొకటి. రాకపోతే బంతి అక్కడికక్కడే పరాయిది. ఝగడా అంతా ఈ నాలుగో ఛాన్సు గురించే.

ఇక లయన్స్ తారీఖ్ చెప్పాలంటే దర్ద్ భరీ దాస్తాన్. చివరిసారి ఛాంపియన్లయింది 1957లో. ఆ తర్వాత 2023 సీజన్ దాకా ప్లేఆఫ్‌లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, 1992 జనవరిలో. 2008లో ఆడిన 16 మ్యాచుల్లో 16 ఓడారు. క్యాంప్‌బెల్ 2021లో వచ్చాడు. మొదటి ఏడాది మూడే గెలుపులు. రెండో ఏడాది మొదటి ఏడు మ్యాచుల్లో ఆరు పోయాయి. అందరూ నవ్వారు. ఆయన పద్ధతి మార్చుకోలేదు. ఆ ఏడాది 9 గెలిచి 8 ఓడారు. 2023లో 12 గెలిచి 5 ఓడారు. 30 ఏళ్ల తర్వాత డివిజన్ టైటిల్ ఇంటికొచ్చింది. ప్లేఆఫ్‌లో రామ్స్‌ను 24-23తో, టాంపా బేను 31-23తో కొట్టారు. సూపర్‌బౌల్‌కు ఒక్క మెట్టు దూరంలో నిలబడ్డారు.

ఆ మెట్టు జనవరి 28న, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ మైదానంలో. మనకది సోమవారం తెల్లవారుజాము, ఫజర్ వేళ. హాఫ్ టైమ్‌కు డెట్రాయిట్ 24, శాన్‌ఫ్రాన్సిస్కో 7. ఆఖరుకు 34-31తో ఓటమి.

ఇల్జామ్ వేసేవాళ్లు రెండు చోట్లు చూపిస్తారు. మొదటిది మూడో క్వార్టర్లో. డెట్రాయిట్ 24-10తో ముందుంది. నాలుగో ఛాన్సు, కావలసింది రెండు గజాలు. కిక్ కొడితే 46 గజాల దూరం. క్యాంప్‌బెల్ ఆడమన్నాడు. గాఫ్ విసిరిన బంతి రేనాల్డ్స్ చేతులకు తగిలి జారిపోయింది. రెండోది నాలుగో క్వార్టర్లో, 27-24తో వెనకబడి ఉన్నప్పుడు. మూడు గజాలు కావాలి. మళ్లీ ఆడమన్నాడు. మళ్లీ రాలేదు.

"కిక్ కొట్టి మూడేసి పాయింట్లు తీసుకుంటే గెలిచేవాళ్లుగా" అంటారు. జనాబ్, 46 గజాల కిక్ జేబులో ఉన్న నోటు కాదు, తీసి ఖర్చు పెట్టడానికి. అది కూడా తప్పిపోవచ్చు. సఫల్ అయినా స్కోరు 27-10. రెండు గజాలు వచ్చి ఉంటే టైమ్ కరిగేది, టచ్‌డౌన్‌తో 31-10 అయ్యే ఉమీద్ ఉండేది. అవతలివాళ్ల చేతికి బంతి ఎంత తక్కువసేపు దొరికితే అంత మంచిదన్నది ఆ హిసాబ్. అయినా బంతి రేనాల్డ్స్ చేతుల దాకా వచ్చింది కదా! కోచ్ చేయాల్సిన పని అక్కడితో పూర్తయింది. పట్టుకోవడం ఆటగాడి పని. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో విసిరిన ఓ లాంగ్ పాస్ మన డిఫెండర్ హెల్మెట్‌కు తగిలి, పైకెగిరి అయ్యుక్ చేతుల్లో పడింది. 51 గజాలు. వెంటనే గిబ్స్ బంతి జారవిడిచాడు. ఆ క్వార్టర్ ఒక్కదానిలోనే వాళ్లు 17 పాయింట్లు చేసి లెక్క సమం చేశారు. ఇవన్నీ కూడా క్యాంప్‌బెల్ గునాహ్‌లేనా?

ఇదే సీజన్ మొదటి మ్యాచ్ గుర్తుందా? ఛాంపియన్ కాన్సస్ సిటీ ఇంట్లో, తమ గోల్ నుంచి 17 గజాల దగ్గరే, బంతిని దూరంగా తన్నుతున్నట్టు నాటకమాడి పరిగెత్తించాడు. అక్కడి నుంచి టచ్‌డౌన్ వచ్చింది. 21-20తో గెలిచారు. ఆ రోజు అందరూ "వాహ్, క్యా హిమ్మత్!" అన్నారు. నవంబర్‌లో చార్జర్స్ మీద 38-38 దగ్గర, రెండు నిమిషాలు కూడా లేని టైమ్‌లో, అచ్చంగా ఇలాగే నాలుగో ఛాన్సు, రెండు గజాలు. కిక్ కొట్టగలిగిన చోటే. ఆడించాడు, లపోర్టా పట్టుకున్నాడు. టైమ్ అంతా కరిగించి, ఆఖరి కిక్‌తో 41-38. అప్పుడు కూడా తారీఫే. మరి థాంక్స్‌గివింగ్ రోజు గ్రీన్ బే మీద అలాంటి నాటకమే బెడిసికొట్టింది, మ్యాచ్ పోయింది. దాన్ని నేను దాచను. వచ్చినా పోయినా ఆయన సూత్రం మారలేదు. మారింది మన నాలుక. గెలిస్తే హిమ్మత్, ఓడితే జువా. నతీజా చూసి నీయత్‌కు పేరు పెట్టడం ఇన్సాఫ్ ఎలా అవుతుంది?

జువారీ అయితే ఎప్పుడూ ఆగలేడు. క్యాంప్‌బెల్ ఆగాడు. అదే మ్యాచ్‌లో హాఫ్ టైమ్‌కు కొన్ని సెకన్ల ముందు, గోల్ ముంగిట నాలుగో ఛాన్సు దొరికితే, బుద్ధిగా కిక్ కొట్టించి మూడు పాయింట్లు తీసుకున్నాడు. మళ్లీ ప్రయత్నించేంత టైమ్ లేదని ఆయన హిసాబ్‌కు తెలుసు.

ఆయన మీద నాకూ షికాయత్ ఉంది. అయితే అది వేరేచోట. 34-24తో వెనకబడి, నిమిషం మాత్రమే మిగిలినప్పుడు, గోల్ ముంగిట బంతిని పరిగెత్తించాడు. పని కాలేదు, ఒక టైమౌట్ కరిగిపోయింది. ఆ టైమౌట్ చివర్లో ప్రాణమంత అవసరమైంది. విమర్శించాలంటే దీన్ని విమర్శించండి. ఇది హిసాబ్‌లో పొరపాటు.

ఒక ఆటలో ఒక మాట గురించి ఇంత రచ్చ ఎందుకని అడుగుతారేమో. కారణం మా భాంజా. ఇరవై రెండేళ్లవాడు, అక్కడే చదువుకుంటున్నాడు. మ్యాచ్ అయ్యాక మెసేజ్ పెట్టాడు: "మామూ, కోచ్ నాలుగో ఛాన్సు మీద జువా ఆడితే షేర్ అంటారు. నేను ఇరవై డాలర్లు పెడితే హరామ్ అంటారు. ఏంటి ఫరక్?"

సవాల్ సీదాగా ఉంది. జవాబు కూడా సీదాగానే చెప్పాలి.

బేటా, కోచ్ ఆ రెండు గజాల కోసం ఏడాదంతా మెహనత్ చేశాడు. ఆటగాళ్లను ఎంచాడు, వేల సార్లు అభ్యాసం చేయించాడు. ఫలితంలో ఆయన చేయి ఉంది. ఒంటెను కట్టేసి ఆపై తవక్కుల్ చేయమన్న సంగతి మన ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన ఒంటెను కట్టాడు. తాడు తెగింది. నువ్వు పెట్టిన ఇరవై డాలర్లకు ఆ మైదానంలో చేయీ లేదు, కాలూ లేదు. నీకొచ్చే పైసా నీలాంటి ఇంకో కుర్రాడి జేబులోంచి వస్తుంది. మధ్యలో కంపెనీ తన వాటా తీసుకుంటుంది. సూరహ్ మాయిదాలో శరాబ్‌నూ జూదాన్నీ ఒకే ఆయత్‌లో కలిపి మనా చేసింది ఊరికే కాదు.

"నాకు ఆట తెలుసు మామూ, ఇది ఇల్మ్" అంటావేమో. అయితే కాగితం పెన్ను తీసుకో. అక్కడ మామూలు పందెం రేటు 110 పెడితే 100 లాభం. వంద పందేలు కట్టి యాభై గెలిచావనుకో. వచ్చింది 5,000, పోయింది 5,500. సగం గెలిచి కూడా 500 మునిగావు. నష్టం లేకుండా బయటపడాలంటే వందలో 52కు పైగా గెలవాలి, అది కూడా ఏళ్ల తరబడి. ఆ కంపెనీ రోజూ హిసాబ్ వేస్తుంది, నువ్వు ఖ్వాబ్ చూస్తావు.

జువా ఆట ప్రేమను ఎలా తినేస్తుందో ఆ మ్యాచ్ ఆఖరి నిమిషమే చెబుతుంది. పందెం బజార్ శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు ఏడు పాయింట్ల తేడా పెట్టింది. అంటే వాళ్ల మీద కట్టినవాడికి వాళ్లు గెలిస్తే చాలదు, అంతకంటే ఎక్కువ తేడాతో గెలవాలి. నిమిషం ముందు 34-24, పది పాయింట్ల తేడా. అప్పుడు జేమ్సన్ విలియమ్స్ టచ్‌డౌన్ చేశాడు. 34-31. మనలాంటి ఆషిక్‌లకు అది ఆఖరి ఉమీద్. గుండె చేత్తో పట్టుకుని తర్వాతి కిక్ కోసం చూశాం. పందెం కట్టినవాళ్లకు మాత్రం కథ అక్కడే ఖతమ్. గెలిచిన జట్టు మీద కట్టినవాడు డబ్బు పోగొట్టుకున్నాడు. ఓడిన జట్టు మీద కట్టినవాడు నవ్వుకున్నాడు. సొంత జట్టు ఓడినా నవ్వు తెప్పించే దాన్ని మొహబ్బత్ అంటారా?

ఆ విలియమ్స్ సంగతి ఇంకా చిత్రం. 2023 ఏప్రిల్‌లో లీగ్ జూదం నియమాలు తప్పారని నలుగురు లయన్స్ ఆటగాళ్లను సస్పెండ్ చేసింది. వాళ్లలో అతనొకడు. అతను కట్టింది తమ లీగ్ మ్యాచ్‌ల మీద కాదు, టీమ్ పని మీద ఉన్నచోట నుంచి కట్టడమే నేరం. ఆరు మ్యాచ్‌ల సజా, తర్వాత నాలుగుకు తగ్గించారు. ఆటగాడికి నియమం ఉండాల్సిందే. కానీ సజా వేసిన లీగ్ ముఖం చూడండి. న్యూజెర్సీ జూదానికి తలుపులు తెరవకూడదని అమెరికా సుప్రీంకోర్టు దాకా పోరాడిన లీగుల్లో ఇదీ ఒకటి. 2018 మేలో ఓడిపోయింది. 2021లో సీజర్స్, డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యూయెల్‌లతో చేయి కలిపింది. అదే ఏడాది జనవరిలో మిషిగన్‌లో ఆన్‌లైన్ పందేలు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరి సూపర్‌బౌల్‌ను ఎక్కడ పెట్టారు? లాస్ వెగాస్‌లో! జువారీ అన్న పేరు మాత్రం డెట్రాయిట్ కోచ్‌కు.

ఇది అమెరికా గోల అని తీసిపారేయకండి. 2024 మార్చిలో రంజాన్ మొదలైంది, ఐపీఎల్ కూడా. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్ జూదం మీద చట్టం ఉంది. అయినా యాప్‌లు ఏదో ఒక వేషంలో ఫోన్లలోకి దూరుతూనే ఉన్నాయి. మన పిల్లలకు కూడా అదే మంత్రం ఊదుతున్నాయి: నీకు ఆట తెలుసు, నీకు దమ్ముంది, వేసెయ్. హిమ్మత్‌కూ జువాకూ ఒకే పేరు పెట్టి మాట్లాడే పెద్దలు ఆ మంత్రానికి ఆమీన్ చెబుతున్నట్టే.

కొందరు అమ్మీఅబ్బాలు ఏకంగా ఆటే బంద్ చేయిస్తారు. టీవీ బంద్ అవుతుంది, ఫోన్ కాదు. నేను చెప్పేది వేరు. తరావీహ్ అయ్యాక పిల్లలతో కూర్చుని మ్యాచ్ చూడండి. కెప్టెన్ ఫైసలా తీసుకున్నప్పుడు ఎందుకు తీసుకున్నాడో అడగండి. లెక్క వేయించండి. ఓడినా సరైన ఫైసలాను సరైనదే అనడం నేర్పండి. పందెం రేటు హిసాబ్ కూడా కాగితం మీద వేసి చూపించండి. పిల్లవాడి ఫోన్‌లో కొత్త యాప్ కనిపిస్తే సిగ్గుపడకుండా అడగండి.

క్యాంప్‌బెల్ వచ్చే సీజన్‌లో కూడా నాలుగో ఛాన్సు ఆడిస్తాడు. ఆడించాలి కూడా. రెండు గజాలు వచ్చినా రాకపోయినా నేను ఆయన వైపే ఉంటాను. నా జేబులోంచి మాత్రం దాని మీద ఒక్క పైసా కూడా పోదు. ఇన్షా అల్లాహ్, మా భాంజా జేబులోంచి కూడా.