గొర్రుకు కన్నీళ్ళు, పాత ట్రాక్టరుకు తూకపురాళ్ళు



కోపం చల్లారిన తరువాతనే రాయాలని పది రోజులు ఆగాను. చల్లారలేదు. కనుక రాస్తున్నాను.

ఇటీవల మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక కవితాసంపుటి ఆవిష్కరణకు వెళ్ళాను. పిలిచినవాడు పాత శిష్యుడు, కాదనలేకపోయాను. వక్త ఒకరు లేచి గొర్రును తలచుకొని గద్గదస్వరులయ్యారు. నాగలి పోయింది, కాడి పోయింది, గొర్రు పోయింది, ట్రాక్టరనే రక్కసి వచ్చి పల్లెను మింగింది. ఇదీ ఉపన్యాస సారాంశం. సభ చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఏదో బ్యాంకులో పదవీవిరమణ చేసినవారు, నా చెవిలో ఇంకొక మాట వేశారు: "ఊళ్ళలో ఉన్న ఆ పాత ట్రాక్టర్లన్నీ తుక్కుకు వేయించి కొత్తవి కొనిపిస్తే గాని రైతు బాగుపడడండీ!"

ఒకే వరుసలో రెండు అజ్ఞానాలు. ఒకటి వేదికమీద ఏడుస్తోంది, ఒకటి కుర్చీలో కూర్చుని సలహా ఇస్తోంది. పొలం రెంటికీ తెలియదు.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నారాయణగూడలో ముప్పై యేళ్ళు తెలుగు పాఠం చెప్పాను గాని, అంతకు ముందు ఏటేటా మృగశిర కార్తెలో మా నాయన పట్టిన గొర్రు వెంట నడిచాను. కనుక గొర్రును గురించి కన్నీళ్ళు పెట్టుకునే అర్హత ఉంటే నాకూ కొంత ఉంది.

గొర్రంటే ఏమిటి? ఒక అడ్డదూలం. దానికి మూడో నాలుగో పళ్ళు. పంటి పంటికీ ఒక వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైన కలిసేచోట చెక్కతో తొలిచిన గిన్నె. దాని పేరు జడ్డిగం. మా అమ్మ పిడికిట్లోనుంచి గింజలు ఆ జడ్డిగంలోకి జారవిడిచేది. ఆమె పిడికిలే కొలత, ఆమె నడకే గడియారం. జొన్నకు ఆ విద్య అమోఘంగా కుదిరింది. మక్కకు అంతగా కుదరలేదు. మక్కకు గింజకూ గింజకూ జానెడు, సాలుకూ సాలుకూ మూరకు మించి ఎడం కావాలి. అందుచేత మావాళ్ళు మక్కను గొర్రుతో కాక, అచ్చు తోలి, నడుములు విరిగేట్టు వంగి, గింజ గింజా చేత్తో పెట్టేవారు. "మక్కలు పెట్టుడు" అన్న మాట అలా నిలిచింది. ఆ వంగిన నడుములు ఎవరివో చెప్పనక్కరలేదు. గొర్రు పోయిందని ఏడ్చే కవులు ఆ నడుముల సంగతి ఎన్నడైనా రాశారా?

మా ఊరికి ట్రాక్టరూ, దాని వెనుక తగిలించే ప్లాంటరూ వచ్చినప్పుడు జరిగినదేమిటో విన్నవిస్తాను. ఆ యంత్రం నేల మీద ఒక ఇనుప చక్రం దొర్లుతుంది. చక్రానికి గొలుసు. గొలుసు తిప్పేది విత్తనపు పెట్టె అడుగున వాలుగా అమర్చిన పళ్ళెం. పళ్ళెం అంచున గుంటలు, గుంటకు ఒక్క గింజ. గింజ గొట్టంలోకి జారి సాలులో పడుతుంది, వెనుకనే మట్టి కప్పుకుంటుంది. ట్రాక్టరు మెల్లగా పోతే పళ్ళెమూ మెల్లగా తిరుగుతుంది, వడిగా పోతే వడిగా తిరుగుతుంది. అందుచేత ఎడం చెడదు. సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, గింజల మధ్య 20 సెంటీమీటర్లు, ఎకరానికి దాదాపు 8 కిలోల విత్తనం, సుమారు 33 వేల మొక్కలు. చక్రం బురదలో జారిందా, పళ్ళెం ఆగుతుంది, అక్కడ సాలు ఖాళీ. కాబట్టి యంత్రం వచ్చినా అదనూ పదునూ చూడక తప్పలేదు.

జడ్డిగం పెట్టె అయింది. వెదురు గొట్టం ఇనుప గొట్టమయింది. పిడికిలి పళ్ళెమయింది. ఇందులో పరాయితనం ఎక్కడుంది? మా ఊరివాళ్ళు దానిని "ట్రాక్టరు గొర్రు" అన్నారు. ఏ నిఘంటు సంఘమూ కూర్చుని చేసిన పదం కాదది. చూడగానే చుట్టరికం గుర్తుపట్టి పెట్టిన పేరు. పత్రికలవారు మాత్రం "మొక్కజొన్న నాటే యంత్రం" అని రాస్తారు. నా చెవికి నాటేది నారు, విత్తేది గింజ. రైతుకున్నపాటి భాషాజ్ఞానం మనకు లేకపోవడం సిగ్గుపడవలసిన సంగతి.

ఇక స్వచ్ఛత గురించి బెంగపడేవారికి ఒక మాట. అసలు మక్కే మనది కాదు. మెక్సికోలో పుట్టి, 1492 తరువాత సముద్రాలు దాటి వచ్చింది. 1961లో మన దేశంలో విడుదలైన తొలి సంకర రకాలలో ఒకదానికి "దక్కన్" అని పేరు పెట్టుకొని సొంతం చేసుకున్నాం. ప్లాంటరును వెనుక తగిలించుకొని పైకెత్తే మూడు కొక్కేల అమరిక ఐర్లండువాడైన హ్యారీ ఫెర్గూసన్ బుర్రలో పుట్టింది. పరాయి గింజనూ పరాయి ఇనుమునూ మన గొర్రు జ్ఞానం తనలో కలుపుకుంది. ఇది ఓటమి ఎట్లా అవుతుంది?

ఇక తుక్కువాదుల వంతు.

మా తమ్ముడి దగ్గర హెచ్.ఎం.టి. 2511 ఉంది. పాతిక గుర్రాల శక్తి. దానిని చేసిన పింజోరు కర్మాగారాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గమే ఆమోదం తెలిపింది. కన్నతల్లి పోయినా బిడ్డ బతికే ఉంది. 2018లో మా తమ్ముడి కొడుకు దానిని చూసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడేట్టు చేసినవారున్నారు. ఒక ఫైనాన్సు సంస్థ మనిషి ఇంటి చుట్టూ తిరిగి, "ఈ డొక్కు బండితో పిల్లనెవరిస్తరు?" అని నవ్వాడట. అప్పు మీద యాభై గుర్రాల కొత్త బండి వచ్చింది. వేపచెట్టు కిందికి పాతది చేరింది. తుక్కువాడు చెప్పిన ధర విని మా తమ్ముడికి మనసొప్పక అమ్మలేదు, అంతే.

కత్తెర పురుగు మన దేశంలో తొలిసారి కనబడింది ఆ 2018లోనే. మక్క సుడులు తినివేసింది. 2020 వానాకాలంలో మక్క వేయవద్దని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఏడాది తిరక్కుండా ఆ నియంత్రిత సాగు పద్ధతినే ఎత్తివేసింది. ప్రభుత్వం మాట మార్చుకోవచ్చు, వాయిదా మాత్రం మారదు. కొత్త బండిని ఒక తెల్లవారుజామున వచ్చి తోలుకుపోయారు. మరుసటి వానాకాలం మా తమ్ముడు వేపచెట్టు కింది బండికి బ్యాటరీ వేయించి, రాణీగంజ్ నుంచి నేను పంపిన సామాను బిగించి, ప్లాంటరు తగిలించి మక్క విత్తాడు. ఊళ్ళోని మేస్త్రీ గింజ లావును బట్టి పళ్ళెపు గుంటలను ఆకురాయితో సరిచేసి ఇచ్చాడు. ఏటా విత్తనం సంచి మారితే గింజ సైజు మారుతుంది, పళ్ళెమూ మారాలి. ఈ సంగతి ఆ మేస్త్రీకి తెలుసు. గానసభలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషికి తెలియదు.

2021లో తుక్కు విధానం వచ్చినప్పుడు, పదేళ్ళు దాటిన ట్రాక్టర్లన్నీ తూకానికి పోతాయని పుకారు లేచింది. అది అబద్ధమని కేంద్ర రవాణా శాఖే తరువాత ప్రకటించింది. వ్యవసాయ ట్రాక్టరుకు మొదటి రిజిస్ట్రేషను 15 యేళ్ళు, ఆపై అయిదేసి యేళ్ళు పొడిగించుకోవచ్చు. చట్టం బతకనిచ్చిన బండిని మన చిన్నచూపు చంపుతోంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు. ఆ రెండున్నర ఎకరాల మీద యాభై గుర్రాలను మేపమని చెప్పేవాడు రైతు హితుడా, వడ్డీ హితుడా?

"కొత్త యంత్రాలు మేలైనవి కావా?" అని మీలో కొందరు తప్పక అడుగుతారు. మేలైనవే. గాలి పీల్పుతో గింజను పట్టే ప్లాంటర్లు జోడు గింజలు పడనివ్వవు. పాత బండి పొగ ఎక్కువ పోస్తుంది, బోల్తా పడితే డ్రైవరును కాపాడే కమ్మీ దానికి లేదు. ఇవి దాచను. కొత్త యంత్రాన్ని ఊరందరికీ కలిపి అద్దెకు పెట్టండి, నేనే ముందు చప్పట్లు కొడతాను. ఒక్కొక్క రైతు మెడకూ ఒక్కొక్క అప్పు కట్టడాన్ని మాత్రం ప్రగతి అనకండి. అమెరికాలో పాత ట్రాక్టర్లను తుడిచి ముస్తాబు చేసి, పాత ప్లాంటర్లు తగిలించి, మక్క విత్తి పండుగ చేసుకునేవారున్నారు. వారిది ముచ్చట. మా తమ్ముడిది బతుకు. ముచ్చటకు దక్కే గౌరవంలో పాతిక వంతు బతుకుకు దక్కదా?

ఇవన్నీ మనసులో పెట్టుకొని మొన్న సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయాను. అశోక్‌నగర్ సంగతి మీకు తెలిసిందే, పోటీ పరీక్షల పిల్లల రాజధాని. నా బల్ల మీదనే ఒక కుర్రవాడు గైడు బట్టీ పడుతున్నాడు. విత్తే యంత్రాన్ని కనిపెట్టినదెవరు? జెత్రో టల్, 1701. వాడిది ఏ ఊరని అడిగాను. కోరుట్ల వైపట.

"మీ నాయన ఏం వేస్తాడు బాబూ?"

"మక్కలు సార్, పసుపుల."

"దేనితో విత్తుతాడు?"

"దేంతో ఏంది సార్, గొర్రుతోని. పాత ట్రాక్టరున్నది మాకు."

"మరి గొర్రు విత్తే యంత్రం కాదా?"

వాడు పుస్తకం వంక చూశాడు, నా వంక చూశాడు. "అది గైడుల లేదు సార్" అన్నాడు.

దక్షిణాదిలో రైతులు గొట్టాల గొర్రుతో విత్తడం చూసి ఆశ్చర్యపోయి, హాల్కాట్ అనే ఆంగ్ల సైనికాధికారి రాసిన వృత్తాంతం 1797 నాటిది. ధరంపాల్ 1971లో తన గ్రంథంలో దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. అంతకు వేల యేళ్ళ ముందే మెసొపొటేమియాలో గొట్టంతో విత్తే నాగలి ఉంది. అన్నీ మనవాళ్ళే కనిపెట్టారనే బాపతు వాదం నాది కాదు. టల్ గొప్పవాడే. ఆ కుర్రవాడి ఇంట్లో ఉన్న విద్యను విద్య కాదని వాడికే నేర్పుతున్నామే, నా బాధ అది. నేనూ ముప్పై యేళ్ళు బడిలో ఛందస్సు చెప్పాను, జడ్డిగం అన్న మాట ఒక్కసారి బోర్డు మీద రాయలేదు. ఈ నేరంలో నా వాటా ఒప్పుకుంటున్నాను.

అందుచేత నేను కోరేవి మూడు. పాఠ్యపుస్తకంలో టల్ పక్కన గొర్రుకు నాలుగు వాక్యాలు ఇవ్వండి. కొత్త బండికి ఇచ్చే రాయితీలో కొంత పాత బండిని బాగుచేసే మేస్త్రీకి, వాడి శిష్యుడికి ఇవ్వండి. మూడవది మన పని. గొర్రు మీద ఎలిజీలు కొంతకాలం ఆపి, మీ మీ ఊళ్ళలో ఈ యంత్రాల భాగాలను ఏమంటారో అడిగి రాయండి. పళ్ళేన్ని మీ వైపు ఏమంటారు? సాలు గుర్తు గీసే కమ్మీని ఏమంటారు? మాకు తెలిసిన మాటలు నేను త్వరలో వేరే టపాలో ఇస్తాను.

లైబ్రరీనుంచి వస్తూ అశోక్‌నగర్ చౌరస్తాలో బండిమీద కాల్చిన మక్కపొత్తు ఒకటి కొన్నాను. ఆ కుర్రవాడు కూడా వెంట వచ్చాడు, వాడికీ ఒకటి ఇప్పించాను. కొరికేముందు వాడు పొత్తు తిప్పి గింజల వరుసలు లెక్కపెట్టాడు. "మా దాంట్ల ఇంకో రెండు వరుసలు ఎక్కువుంటయి సార్" అన్నాడు.

పొరపాట్లుంటే పెద్దలు దిద్దగలరు.