తెలుగును తప్పుపట్టే ముందు కొలిచి చూద్దాం

మన శాఖ గ్రంథాలయంలోని పుస్తకాల జాబితా కోసం మేం నలుగురం పైథాన్, ఫ్లాస్క్‌లతో ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాసిన సంగతి మీకందరికీ తెలుసు. ఆ పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టేదో కూడా తెలుసు! "తెలుగు పేర్లను అకారాది క్రమంలో పేర్చాలి కదా, అందుకే ఆలస్యం. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేయండి, తీరిపోతుంది" అని చూసిన ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను. కానీ ఈ ఊళ్లో మనలో చాలామందిమి తెలుగు చదవడం కష్టపడి నేర్చుకున్నవాళ్లమే. మన శాఖ జాబితాలోనే మన లిపి లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది? అందుకే మార్చే ముందు ఒకసారి కొలిచి చూద్దామనుకున్నాను.

దానికి లైన్ ప్రొఫైలర్ అనే సాధనం ఉంది. పద్యానికి మనం ప్రతిపదార్థం రాసినట్టు, ఇది ఫంక్షన్‌లో ప్రతి పంక్తికీ లెక్క చెబుతుంది: ఎన్నిసార్లు నడిచింది, ఎంత సమయం తీసుకుంది, మొత్తంలో ఎంత శాతం. అనుమానమున్న ఫంక్షన్ పైన '@ప్రొఫైల్' అనే డెకరేటర్ పెట్టాలి. కెర్న్‌ప్రాఫ్ అనే ఆదేశంతో సర్వర్‌ను నడిపి, బ్రౌజర్‌లో పేజీ తెరిచి, ఆ తర్వాత సర్వర్‌ను ఆపితే పట్టిక వస్తుంది.

వెబ్ కోడ్‌తో రెండు చిక్కులున్నాయి. డెకరేటర్లు కింది నుంచి పైకి పనిచేస్తాయి. కాబట్టి ఫ్లాస్క్ రూట్ డెకరేటర్ పైన ఉండాలి, ప్రొఫైల్ దాని కింద ఫంక్షన్‌ను ఆనుకొని ఉండాలి. తారుమారు చేస్తే ఫ్లాస్క్ కొలత లేని ఫంక్షన్‌నే పట్టుకుపోతుంది. మొదటిసారి నాకు అదే జరిగి, పట్టికలో అంకె ఒక్కటీ లేదు! రెండోది రీలోడర్. అది ప్రోగ్రాంను ఇంకో ప్రాసెస్‌లో మొదలుపెడుతుంది గనుక, కొలిచేటప్పుడు దాన్ని ఆపేయాలి.

పట్టిక చూసి నేను తెల్లబోయాను. తెలుగు పేర్లను పేర్చే పంక్తికి ఒక్క శాతం కూడా పట్టలేదు. సమయమంతా నేను రాసిన ఇంకో పంక్తి తినేస్తోంది. ఒక్కో పుస్తకానికీ రచయిత పేరు కోసం విడివిడిగా డేటాబేస్ దగ్గరికి వెళ్తోంది. పుస్తకాలు ఎన్నో, దాని ఎదురుగా ఉన్న 'హిట్స్' కూడా అన్నే. రచయితల పేర్లన్నీ ఒకే ప్రశ్నతో తెప్పించేసరికి పేజీ చటుక్కున తెరుచుకుంది. తప్పు నాది, నింద తెలుగుకి.

"ఇంత చిన్న పేజీకి ఇంత హంగామా ఎందుకే?" అని ఒక సీనియర్ అక్క అడిగారు. నిజమే, ఈ సాధనానికీ హద్దులున్నాయి. డెకరేటర్ పెట్టిన ఫంక్షన్‌నే అది చూస్తుంది. కొలవడం వల్లే ప్రోగ్రాం ఇంకాస్త నెమ్మదిస్తుంది, కాబట్టి పని అయ్యాక తీసెయ్యాలి. అయినా దీనికి పట్టింది ఒక్క సాయంత్రం. కొలవకుండా ఉంటే వారం రోజులు కూర్చుని పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చేవాళ్లం, పేజీ మాత్రం అలాగే నత్తనడక నడిచేది.

అందుకే నా మాట ఒక్కటే: ఊహ మీద ఏదీ తీసెయ్యొద్దు, ముందు పట్టిక చూద్దాం. త్వరలో పద్యాలు వెతికే సదుపాయం కూడా చేరుస్తున్నాం. అది నెమ్మదిగా ఉంటే నన్ను తిట్టండి, పర్వాలేదు. తెలుగును మాత్రం కొలిచాకే!