వేప్‌కు నిషేధం, బీడీకి రాయితీ

ఈ భాగం కొంచెం పొగ వాసన కొడుతుంది, ఓపిక పట్టండి.

2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్లను నిషేధించింది. ఆ సంగతి ప్రకటించింది ఆర్థిక మంత్రి. చెప్పిన కారణం పిల్లలు. చూపించిన లెక్కలు అమెరికా స్కూళ్లవి. డిసెంబరుకల్లా అది చట్టమైపోయింది. తయారుచేసినా, అమ్మినా, దిగుమతి చేసినా మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ప్రకటన వచ్చిన రోజే సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి. ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా మన ఎల్ఐసీది. పోటీ సరుకును అంగట్లోంచి తీసేస్తే పాత షావుకారు సంబరపడడా?

అదే 2019లో మన దేశపు బడిపిల్లల మీద కూడా ఒక సర్వే జరిగింది. గ్లోబల్ యూత్ టొబాకో సర్వే. 13 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. ఈ-సిగరెట్ ఒక్కసారైనా ముట్టుకున్నవాళ్లు 2.8 శాతం. ఇంకో లెక్క ఉంది, నెమ్మదిగా చదవండి. బీడీ తాగి చూసిన పిల్లల్లో 47 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదటి బీడీ తాగారు. పదేళ్ల లోపు! నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు. వాళ్లకోసం ఏ ఆర్డినెన్సూ రాలేదు.

అంటే నేను వేప్ పక్షమా? కాదు. "సార్, అందులో పొగాకే లేదు, ఉత్త ఆవిరే కదా" అని నా క్లాసులో పిల్లలు అడుగుతున్నారు. ఆకు లేదు నిజమే, ఆకులోంచి తీసిన నికోటిన్ ఉంది. మొదటి సిగరెట్ దమ్ముకు దగ్గొస్తుంది, కళ్లల్లో నీళ్లొస్తాయి. చాలామంది అక్కడితో పారేస్తారు. ఒంట్లో ఉన్న కాపలా అది. 2015లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన జూల్ అనే కంపెనీ నికోటిన్‌ను లవణంగా మార్చి ఆ మంట తగ్గించింది. గొంతు ఒరుసుకోదు, మామిడిపండు వాసన, చూస్తే పెన్‌డ్రైవ్ లాగుంటుంది. కాపలావాణ్ణి నిద్రపుచ్చి ఇంట్లో దూరడమంటే ఇదే. 2019 నాటికి అక్కడ హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది వేప్ చేస్తున్నారు. మార్ల్‌బొరో సిగరెట్లమ్మే ఆల్ట్రియా 2018 డిసెంబరులో 1,280 కోట్ల డాలర్లు పెట్టి జూల్‌లో 35 శాతం కొనుక్కుంది. పొగ మాన్పించే యంత్రమని చెప్పిన వస్తువును పొగ అమ్మేవాడే ఎందుకు కొన్నాడు? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా "హాని తగ్గింపు" అని ఉపన్యాసమిచ్చే మన ప్రగతిశీల మిత్రులను నమ్మకండి.

వేప్ పట్టిన పిల్లవాడు సిగరెట్‌కు పోతాడా అన్నదే పెద్ద చర్చ. విడివిడిగా పిల్లల్ని కొన్నేళ్లు గమనించిన అధ్యయనాల్లో, వేప్ చేసినవాళ్లే తర్వాత సిగరెట్ ముట్టే అవకాశం ఎక్కువని తేలుతోంది. దేశం మొత్తం లెక్క చూస్తే తిరగబడుతుంది. అమెరికా హైస్కూళ్లలో 2011లో సిగరెట్ తాగేవాళ్లు 15.8 శాతం, వేప్ విరగబడ్డ 2019లో 5.8 శాతం. రెండూ నిజమే. తెగించే స్వభావం, ఒంటరితనం, తాగే స్నేహితులు, ఇంట్లో ముందే ఉన్న పొగ, ఇవి ఉన్న పిల్లవాడు ఏది దొరికితే అది పడతాడు. పెద్దల మాట వేరు. బ్రిటన్‌లో వైద్యులు సిగరెట్ మానాలనుకునే పెద్దలకు వేప్ సూచిస్తారు. అదే బ్రిటన్ పిల్లల చేతుల్లో పడుతున్నాయని వాడిపారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేసింది. వస్తువును బట్టి, మనిషిని బట్టి విడగొట్టి ఆలోచించారు. మనవాళ్లు ఒక్క సంతకంతో చేతులు దులుపుకున్నారు.

ఇక అసలు సంగతి. మన పిల్లలకు సిగరెట్ దాకా పోవడానికి వేప్ అనే వంతెన అక్కర్లేదు. కాలేజీ గేటు బయటే పాన్ డబ్బా ఉంది. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం. డబ్బావాడు ఒక్క సిగరెట్ విడిగా ఇస్తాడు, అగ్గిపెట్టె ఊరికే ఇస్తాడు. పెట్టె మీద 85 శాతం మేర కుళ్లిన నోటి బొమ్మ, మానాలనుకుంటే ఫోన్ చేయమని 1800-11-2356 అనే నంబరు అచ్చేయించారు. విడి సిగరెట్ కొనే హాస్టల్ కుర్రాడు ఆ పెట్టెను ఎప్పుడు చూస్తాడు? హెచ్చరిక కూడా పెట్టె కొనగలిగినవాడికే.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట. 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి ఇంగ్లీషు ఎంత నేర్పాడో గానీ, చుట్ట కాల్చడం మాత్రం నేర్పాడు. నూటపాతికేళ్లుగా ఆ సన్నివేశానికి నవ్వుతున్నాం, మా క్లాసు కూడా నవ్వుతుంది. చదువుకున్నవాడి నోట్లో చుట్ట దర్జా. ఉత్తరాంధ్ర తీరంలో వెలిగే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలకు అంగిట్లో క్యాన్సర్ వస్తే, వాళ్లు మెడికల్ కాలేజీకి పాఠం.

ఇప్పుడు బీడీ. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లోకి రండి. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆడవాళ్లు. బీసీ, దళిత, ముస్లిం ఇళ్ల అక్కలు, అమ్మలు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఒళ్లో చాట, ఇంటి నిండా తంబాకు దుమ్ము, అదే గదిలో పసిపిల్ల నిద్ర. మెడలు పట్టేస్తాయి, దగ్గు పోదు. వాళ్లు చుట్టింది తాగేది ఎవరు? తాపీ పనివాడు, హమాలీ, మోరీలు ఎత్తేవాడు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దల్లో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. మన ఊపిరితిత్తులతో చేసి మన ఊపిరితిత్తులకే అమ్మే సరుకు బీడీ.

2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీ మీద పన్ను 28 నుంచి 18 శాతానికి, తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. సిగరెట్‌కు మాత్రం 40. ఎందుకు తగ్గించారంటే కార్మికుల బతుకుదెరువు అంటారు. ఆ నిర్ణయంలో వెయ్యి బీడీల కూలి పెరగాలన్న షరతు ఎక్కడుంది? చుట్టే అక్క పేరు చెప్పి కంపెనీకి మేలు, తాగే అన్నకు చవకైన చావు. అక్కకు తెలంగాణ ఇచ్చే పింఛను నెలకు 2,016 రూపాయలు. బీడీ వద్దంటే ఆమె ఏం చేసి బతకాలో చెప్పకుండా, బీడీని కాపాడమనడమూ మోసమే, బీడీని ఆపమనడమూ మోసమే. ముందు ఆమెకు వేరే పని, పనిలో కూలి గ్యారంటీ, ఆమె బిడ్డకు ఫీజు. తర్వాత పన్ను ఎంతైనా పెంచండి.

ఇంకో విడ్డూరం. ఈ-సిగరెట్ మీద నిషేధమున్న ఈ దేశంలోనే ఐటీసీ అనుబంధ సంస్థ మైసూరు దగ్గర ఎగుమతి కోసం నికోటిన్ తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టింది. ఇక్కడ అమ్మితే నేరం, అక్కడికి పంపితే డాలర్లు.

మీరు చేయగలిగింది ఒకటుంది. టేపు తీసుకుని మీ కాలేజీ గేటు నుంచి మొదటి పాన్ డబ్బా దాకా కొలవండి. మూడు వందల అడుగుల లోపు ఉంటే ఫొటో తీసి ప్రిన్సిపాల్‌కూ పోలీస్ స్టేషన్‌కూ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు అడగండి. డబ్బావాడితో గొడవ వద్దు, అతనూ మనవాడే. కంపెనీ బోర్డు ఎవరిదో రాసుకోండి. హాస్టల్‌లో మానాలనుకునే తమ్ముళ్లు ఉంటే ఆ నంబరు గోడ మీద రాయండి.

వచ్చే భాగం తునికాకు ఏరే ఆదివాసుల కల్లాల దగ్గర నుంచి.