సంతకం పెట్టే ముందు అడగండి

"సిస్టరు గారూ, సోరియాసిస్‌కి కొత్త ఇంజెక్షను మీద ప్రయోగం చేస్తున్నారటండీ. ఉచితంగా ఇస్తారట. చేరమంటారా?" ఓపీలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. భయపడి వెనక్కి పోవద్దు, అలాగని అడగకుండా సంతకమూ పెట్టవద్దు. ఇదే మా అభిప్రాయం.

ఈ ప్రయోగాల వల్ల మేలే జరిగింది. ఒకప్పుడు మచ్చలు, పొలుసులు 75 శాతం తగ్గితే మందు పనిచేసినట్టే లెక్క. ఇప్పుడు 90 శాతం, పూర్తిగా 100 శాతం తగ్గిందా అని కూడా చూస్తున్నారు. మందు లేని ఉత్తుత్తి సూదితోనే కాక, వాడుకలో ఉన్న మంచి మందుతోనూ పోల్చి చూస్తున్నారు. మన దేశంలో బెంగుళూరు బయోకాన్ సంస్థ తెచ్చిన ఇటోలిజుమాబ్‌ను 225 మంది రోగులపై పరీక్షించాక 2013లో అనుమతించారు. 12 వారాలకు 75 శాతం మేలు కనిపించింది దాదాపు ముగ్గురిలో ఒకరికే. కొత్త మందు అంటే అందరికీ నయమవుతుందని కాదు.

గోదావరి ఎగువన జరిగినదీ మరువరాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేశారు. చాలామంది హాస్టలు పిల్లల పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకం చేశారని తరువాత తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. ఆ టీకా నేడు ఎన్నో దేశాల్లో మేలు చేస్తోంది. లోపం అంగీకారం తీసుకున్న తీరులోనే ఉంది.

2019 నిబంధనల ప్రకారం పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మీరు ఎప్పుడైనా మానుకోవచ్చు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు మీకుంది.

కాబట్టి ఈ ప్రశ్నలు అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేశారా? నాకు ఉత్తుత్తి సూది వచ్చే అవకాశం ఎంత? ఈ మందులు కొన్ని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి గనుక ముందు క్షయ పరీక్ష చేస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, ప్రయోగం ముగిశాక మందు ఎవరిస్తారు?

ఇప్పుడు వాడుతున్న మందులను డాక్టరు చెప్పకుండా మానవద్దు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. పత్రం ఇంటికి తీసుకువెళ్ళి ఇంట్లోవాళ్ళతో చదివించుకోండి. అర్థం కాకపోతే మా దగ్గరకు తీసుకురండి, కూర్చుని కలిసి చదువుదాం.