‘రైతు’ అనే మాటలో మనం ఉన్నామా?

ఆచార్య ఎన్.జి. రంగాను రైతు నాయకుడిగానే తెలుగు నేల గుర్తుపెట్టుకుంది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన ఆయన శ్రీకాకుళం ఎంపీ కూడా. గౌతు లచ్చన్న ఖాళీ చేసిన స్థానంలో 1967 ఉప ఎన్నికలో స్వతంత్ర పార్టీ తరఫున గెలిచారు.

గీత కులం నుంచి వచ్చిన లచ్చన్న తన సీటును కోస్తా కమ్మ నేతకు వదులుకున్నారంటే, ‘రైతు’ అనే మాటకు కులాలను కలిపే శక్తి ఉందనే అర్థం. ఆ కలపడం ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందన్నదే మా ప్రశ్న.

జమీందారీ వ్యతిరేక ఉద్యమంలో రంగా పాత్రను మేము తక్కువ చేయడం లేదు. ఆ పోరాటానికి మన ప్రాంతం కూడా మూల్యం చెల్లించింది. 1940లో మందస జమీందారీలో వీరగున్నమ్మ తూటాలకు బలైంది. 1948 చట్టం జమీందార్లను తొలగించింది. అయితే పట్టా దక్కింది సాగు హక్కు ఉన్న రైతుకే. అతని పొలంలో పనిచేసే కంబారికి ఆ చట్టంలో చోటు లేదు. ఆ తర్వాత 1959లో రంగా అధ్యక్షుడిగా మొదలైన స్వతంత్ర పార్టీ సహకార వ్యవసాయాన్నీ, భూపరిమితినీ వ్యతిరేకించింది. భూమి ఉన్నవాడి ఆస్తి హక్కును కాపాడటమే ‘రైతు రాజకీయం’ అయింది.

రంగా గెలిచిన 1967లోనే, అక్టోబర్ 31న, లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు కోరన్న, మంగన్న అనే గిరిజనులు బలయ్యారు. వాళ్లదీ భూమి పోరాటమే. కానీ వాళ్లను రైతులుగా ఎవరు లెక్కించారు?

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలోనూ అదే ప్రశ్న. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకుంటున్నారు. ఆధిపత్య కులస్తుల దాడిలో ఐదుగురు దళితులు చనిపోయారు. మనం దాన్ని దళితుల ఊచకోత అన్నాం. అది నిజం. కానీ చనిపోయినవాళ్లు సాగుదారులు కూడా. కూలీలుగా ఉన్నంతకాలం ఊరు భరించింది. నాగలి పట్టి సొంతంగా దున్నుకోవడాన్నే భరించలేకపోయింది.

ఇవాళ్టి చట్టం కూడా ఈ గీతను చెరపలేదు. 2019 చట్టం కింద కౌలుదారు సాగు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. ఆ సంతకం లేకపోతే పొలం దున్నేవాడు కాగితంపై రైతు కాడు. ఊళ్లో కుల పెత్తనం ఉన్నచోట దళిత కౌలుదారు ఆ సంతకం అడగడమే కష్టం.

అందుకే ‘రైతుబిడ్డ’నని చెప్పుకుని ఢిల్లీ వెళ్లే ప్రతి నాయకుడినీ మనం రెండు ప్రశ్నలు అడగాలి. యజమాని సంతకం లేకుండా, గ్రామసభ విచారణతో కౌలుదారును గుర్తిస్తారా? దళితులు సాగు చేస్తున్న ప్రభుత్వ భూములకు పట్టాలిస్తారా? ఆ జవాబులను బట్టే వాళ్ల ‘రైతు’లో మనం ఉన్నామో లేదో తేలుతుంది.