పాట వెనక కులం – 9: "కళ్లు లేకపోయినా" అనే మాట గురించి



పోయిన వారం ఒక మీటింగ్‌లో అమాదూ బగయోకో గురించి నాలుగు ముక్కలు మాట్లాడాను. అయిపోయాక టీ దగ్గర ఒక పెద్దాయన నా భుజం తట్టి, "కళ్లు లేకపోయినా ఎంత సాధించాడు తమ్ముడూ! దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తాడు" అన్నాడు. పక్కనున్నాయన అందుకున్నాడు: "అందుకే అంటారు, కళకి కులం లేదని."

రెండూ మంచి మనసుతో అన్న మాటలే. నా దృష్టిలో రెండూ అబద్ధాలే. ఆ టీ దగ్గర చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

ముందు దేవుడు తీసుకున్న సంగతి చూద్దాం. అమాదూ, మరియం దుంబియా మాలి దేశపు భార్యాభర్తల జంట. మరియం 1958లో బమాకోలో పుట్టింది. ఐదేళ్లకి తట్టు వచ్చింది, సరైన వైద్యం అందలేదు, చూపు పోయింది. అంటే 1963. తట్టు టీకాకి అమెరికాలో అనుమతి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. మాలికి ఫ్రాన్స్ పాలన నుంచి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లు. పశ్చిమ ఆఫ్రికా పిల్లలకి ఆ టీకా పెద్ద ఎత్తున చేరడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇందులో దేవుడు ఎక్కడున్నాడు? ఉన్నది టీకా ముందు ఎవరి పిల్లలకి, తర్వాత ఎవరి పిల్లలకి అనే వరస. వరసలో చివర నిలబడటం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా?

ఇక దేవుడు ఇచ్చిన దాని సంగతి. 1954లో పుట్టిన అమాదూకి చూపు పోయింది టీనేజీలో. 1974 నుంచి 1980 దాకా లెజాంబాసదోర్ అనే బ్యాండ్‌లో గిటార్ వాయించాడు. ఆ రోజుల్లో బమాకోలో అది మామూలు బ్యాండ్ కాదు. డెబ్భైల్లోనే బమాకోలోని అంధ యువకుల విద్యాలయంలో మరియం, అతను కలిశారు. అక్కడే కలిసి పాడారు. 1980లో పెళ్లి చేసుకున్నారు. ఎనభైల్లో పక్కదేశం ఐవరీ కోస్ట్‌కి వెళ్లి క్యాసెట్లు రికార్డు చేశారు. అంటే వాళ్లకి పాటని నిలబెట్టింది ఒక బడి, ఒక బ్యాండు, ఏళ్ల తరబడి చేసిన సాధన. బడిని మాయం చేసి అక్కడ వరాన్ని పెడితే ఎవరికి లాభం? ఇంకో బడి కట్టనక్కర్లేని వాళ్లకి.

2004లో "దిమాంష్ ఆ బమాకో" ఆల్బమ్ వచ్చింది. నిర్మాత మనూ చావో. ఫ్రాన్స్‌లో పెద్ద అవార్డు వచ్చింది, ప్రపంచమంతా తిరిగింది. వెంటనే "మనూ చావో వెలికి తీసిన అంధ జంట" అన్న పేరు పడింది. వెలికి తీయడమా? అప్పటికి అమాదూ స్టేజీ మీద ముప్ఫై ఏళ్లుగా ఉన్నాడు! మనూ చావో మంచి పని చేశాడు, కాదనను. కానీ వాళ్లు చీకట్లో ఉన్నారన్నది వినని వాళ్ల మాట. బమాకో, అబిజాన్ జనం ఎప్పుడో విన్నారు.

ఇప్పుడు రెండో అబద్ధం, కళకి కులం లేదన్నది. మాలిలో అడిగి చూడండి. అక్కడి మాండే సమాజంలో పాట ఒక కులవృత్తి. జెలీలు, ఫ్రెంచివాళ్లు గ్రియోలు అన్నవాళ్లు, తరతరాలుగా దొరల వంశాల్ని పొగుడుతూ పాడాలి. కమ్మరులు, తోలుపని వాళ్లు కూడా అలాంటి పుట్టుక గుంపులే. పెళ్లిళ్లు ఆ గుంపుల్లోనే. పక్కనున్న సెనెగల్‌లో కొన్నిచోట్ల గ్రియో చనిపోతే నేలలో పూడ్చనివ్వక, బావోబాబ్ చెట్టు తొర్రలో పెట్టేవారు. వాళ్ల శవంతో నేల మైలపడి పంట పండదని నమ్మకం. శ్మశానం కోసం కొట్లాడిన పల్లె మనుషులకి ఈ వాక్యం రెండోసారి చదవాల్సిన పని లేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. జెలీ మన అంటరానివాడు కాదు. దొర చరిత్ర జెలీ నోట్లో ఉంటుంది, దొర అతనికి భయపడతాడు కూడా. రెంటినీ ఒకటే అనేస్తే మన బాధ పెరగదు, మన లెక్క తప్పుతుంది. కానీ పుట్టుకని బట్టి పని, పనిని బట్టి విలువ అన్న సూత్రం అక్కడా ఉంది.

ఆ సూత్రం పైవాళ్లని కూడా కట్టేస్తుంది. అమాదూ ఉన్న బ్యాండ్‌లోనే గాయకుడు సలీఫ్ కెయితా. మాలి సామ్రాజ్యం స్థాపించిన సుంజాతా వంశం వాడు, రాజకులం. పాడటం ఆ కులానికి తలవంపు. పైగా తెల్లమచ్చ లేని తెల్లటి ఒళ్లుతో పుట్టాడు, అల్బినో. దాన్ని అపశకునమన్నారు. ఒకే స్టేజీ మీద ఒకడు చూపు లేనివాడు, ఒకడు పాడకూడని కులంవాడు. కళ కులాన్ని దానంతటది చెరపలేదు. కొందరు మనుషులు తెగించి గీత దాటారు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే ఉద్యమం ఎందుకు?

నాకీ కోపం ఎక్కడిదో చెప్తా. హాస్టల్లో నా పక్క మంచం వాడికి చూపు లేదు. లెక్కలంటే ప్రాణం. మనం నోటితో చెప్తే తలలోనే చేసేసేవాడు. లెక్కలు తీసుకుంటానంటే "బొమ్మలుంటాయి, నీవల్ల కాదు" అన్నారు. అదే వార్షికోత్సవం వస్తే మాత్రం ముందు వాడినే స్టేజీ ఎక్కించేవారు. పాడేవాడు, అందరూ కళ్లు తుడుచుకునేవారు. ఒకరోజు రాత్రి నాతో అన్నాడు: "నాకు పాట ఇష్టం లేదురా. నన్నెవరూ అడగలేదు."

డప్పు మన చేతికి ఇచ్చినప్పుడూ ఎవరూ అడగలేదు. ఇష్టపడి కొడితే అది కళ. పుట్టావు కాబట్టి కొట్టమంటే వెట్టి. గుడ్డివాడు కాబట్టి పాడమనడం కూడా వెట్టే. దానికి "దివ్య" అని ముందు తగిలిస్తే ర్యాంపు కట్టినట్టు కాదు, బ్రెయిలీ పుస్తకం అచ్చేసినట్టూ కాదు.

అమాదూ 2025 ఏప్రిల్ 4న బమాకోలో చనిపోయాడు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ పాటలో గొంతు కలిపాడు. 2009లో ఒబామాకి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చిన సందర్భంగా ఓస్లో కచేరీలో వాయించాడు. దేశం తుపాకుల మధ్య నలిగిపోతుంటే 2017లో మరియంతో కలిసి "లా కన్ఫ్యూజన్" అని ఆల్బమ్ తెచ్చాడు. ఇవన్నీ కళ్లు లేకపోయినా చేసినవి కావు. గిటార్ వచ్చు కాబట్టి, చెప్పాల్సింది ఉంది కాబట్టి చేసినవి.

ఈసారి అతని పాట ఎవరికైనా పంపేటప్పుడు ఆ మొదటి రెండు మాటలు తీసేసి పంపండి. అతని గిటార్ గురించి రాయండి. మీ ఊరి బడిలో చూపు లేని పిల్ల ఉంటే, పాట పాడమనే ముందు ఏం చదువుతావని అడగండి.

పదో భాగం వచ్చే ఆదివారం.

జై భీమ్.