ఈ దొడ్డిదారికి గేటు పెట్టండి

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న కూతురికి ఫీజు పంపాలంటే కరీంనగర్‌లో ఉన్న తండ్రి బ్యాంకుకు వెళ్లి ఏ2 ఫారం నింపాలి. పాన్ నంబరు ఇవ్వాలి, డబ్బు ఎందుకు పంపుతున్నాడో రాసి సంతకం పెట్టాలి. అన్నీ సక్రమంగా ఉన్నా, విశ్వవిద్యాలయమే అంతకన్నా ఎక్కువ అడిగితే తప్ప, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు మించి పంపనివ్వరు. అదే ఊళ్లో ఇంకొకాయన ఫోన్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజి యాప్ తెరిచి రూపాయలతో డాలరు విలువకు ముడిపడిన నాణెం యూఎస్‌డీటీ కొంటాడు. దాన్ని సొంత వాలెట్‌లోకి, అక్కణ్నుంచి విదేశీ ఎక్స్ఛేంజికి మార్చి, ఫ్రాంకులు చేసుకుని స్విట్జర్లాండ్‌లోని ప్రైవేటు బ్యాంకులో జమ చేస్తాడు. ఎక్స్ఛేంజి కేవైసీ అడుగుతుంది, వాలెట్ ఎవరిదో రాయమంటుంది. కానీ రిజర్వ్ బ్యాంకు గీసిన రెండున్నర లక్షల డాలర్ల గీత ఎక్కడుందో ఈ దారిలో ఎవరూ చూడరు. ఫీజు కట్టే తండ్రికి ఉన్న కట్టుబాటు కోట్లు తరలించేవాడికి లేకపోవడం అన్యాయం. దీన్ని ఇంకా సాగనివ్వకూడదు.

ఇలా తరలించడం నేరమా, కాదా? సూటిగా జవాబు చెప్పే చట్టం మన దగ్గర లేదు. విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, 1999 నాటిది. సరిహద్దు దాటే సొమ్ము బ్యాంకు గుండానే దాటుతుందన్న నమ్మకంతో రాసింది. క్రిప్టో కరెన్సీయా, సరుకా, మరొక రకం ఆస్తా అన్నది అందులో తేలదు. క్రిప్టో లావాదేవీలకు సేవలందించవద్దని బ్యాంకులను ఆదేశిస్తూ రిజర్వ్ బ్యాంకు 2018లో ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టేసింది. 2021 శీతాకాల సమావేశాల అజెండాలో చేర్చిన క్రిప్టో బిల్లు సభ ముందుకే రాలేదు. పన్ను మాత్రం ఆగలేదు. 2022 నుంచి లాభంలో 30 శాతం, అమ్మకంపై ఒక శాతం టీడీఎస్. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలోంచి మినహాయించుకోనివ్వరు కూడా. బిట్‌కాయిన్ వ్యాపారం ఇంచుమించు హవాలాలాగే ఉందని, నియంత్రణ ఎందుకు తేవడం లేదని 2025లో సుప్రీంకోర్టు ధర్మాసనమే కేంద్రాన్ని నిలదీసింది. వసూళ్లకు అడ్డురాని సందేహాలు చట్టం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడ్డొస్తున్నాయో కేంద్రమే చెప్పాలి.

ఈ అస్పష్టత అందరికీ ఒకేలా నష్టం చెయ్యదు. పెద్ద లాయర్లను, చార్టర్డ్ అకౌంటెంట్లను పెట్టుకోగలిగినవాడికి అది అవకాశం. తనకు అనుకూలంగా ఒక న్యాయ సలహా రాయించుకుని ఫైల్లో పెట్టుకుంటాడు. సియాటిల్‌లో పదేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి జీతంతోనే బిట్‌కాయిన్ కొని హైదరాబాద్ తిరిగొచ్చిన ఇంజినీరుకు మాత్రం అది తలనొప్పి. విదేశాల్లో ఉన్నప్పుడు సంపాదించిన ఆస్తిని తిరిగొచ్చాక కూడా అక్కడే ఉంచుకోవడానికి ఫెమా అనుమతిస్తుంది. ఆ అనుమతి క్రిప్టోకూ వర్తిస్తుందా అని అడిగితే ఒక్కో నిపుణుడు ఒక్కో మాట చెబుతాడు. సొమ్ము విదేశీ బ్యాంకులో ఉంటేనే భద్రమనుకునేవారి భయాన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేం. 2024 జులైలో క్రిప్టో ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను హ్యాకర్లు దోచుకున్నాక, మన మదుపరులు కేసు నడిచిన సింగపూర్ హైకోర్టు వైపు చూస్తూ ఏడాదికి పైగా పడిగాపులు కాశారు.

రహస్యం కోసం స్విస్ బ్యాంకులకు వెళ్లేవారి సంగతి వేరు. 1934 బ్యాంకింగ్ చట్టం కాలం నాటి స్విస్ గోప్యత ఇంకా ఉందని చెప్పి ఖాతాలు తెరిపించే మధ్యవర్తులు అబద్ధం అమ్ముతున్నారు. బిట్‌కాయిన్‌కు తలుపు తెరిచిన తొలి స్విస్ ప్రైవేటు బ్యాంకు ఫాల్కన్. అది 2017లో. అంతకు ఏడాది ముందే మలేసియా ప్రభుత్వ నిధి 1ఎండీబీ కుంభకోణంలో సింగపూర్ ఆ బ్యాంకు శాఖ లైసెన్సును రద్దు చేసింది. తర్వాత బ్యాంకే మూతపడింది. క్రిప్టో కోసమే పుట్టిన రెండు బ్యాంకులకు స్విస్ నియంత్రణ సంస్థ ఫిన్మా 2019 ఆగస్టులో లైసెన్సులిచ్చింది, కఠిన షరతులతో. ఇవాళ క్రిప్టో సంపదతో అక్కడ ఖాతా తెరవాలంటే మొదటి నాణెం ఎప్పుడు, ఏ డబ్బుతో కొన్నారో చూపాలి. వాలెట్ చిరునామాల చరిత్రంతా తవ్వి చూస్తారు. జాడ చెరిపే మిక్సర్ల గుండా వచ్చిన నాణేలైతే ‘వద్దు’ అనే అవకాశమే ఎక్కువ. అసలు యజమాని ఎవరో ‘ఫారం ఏ’లో ప్రకటించాలి. ఆపైన పన్ను నివాస ధ్రువీకరణ. ఏ దేశంలో పన్ను కడుతున్నారో రాసే గడి పక్కనే పన్ను గుర్తింపు సంఖ్య గడి ఉంటుంది. భారతీయుడు అక్కడ రాయాల్సింది తన పాన్ నంబరే. ఆ ఖాతాలో ఏడాది చివర ఎంత ఉందో 2019 నుంచి స్విట్జర్లాండ్ మన ఆదాయపు పన్ను శాఖకు పంపుతూనే ఉంది. క్రిప్టో ఆస్తుల వివరాలను పంచుకునే ఓఈసీడీ ఏర్పాటులో కూడా 2027 నుంచి చేరతామని భారత్ మాట ఇచ్చింది. రిటర్నులో ఆ ఖాతా చూపకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడొచ్చు. ఉద్దేశపూర్వకంగా పన్ను ఎగ్గొడితే పదేళ్ల దాకా జైలు.

సమాచారం వస్తోంది కదా, ఇంకేం కావాలి అనొచ్చు. నిల్వ ఎంతో తెలిసినంత మాత్రాన ఆ సొమ్ము దేశం దాటిన తీరు తప్పో ఒప్పో తేలదు. తేల్చాల్సింది ఫెమా. భారతీయ ఎక్స్ఛేంజి నుంచి విదేశీ వేదికకు వెళ్లే ప్రతి క్రిప్టో బదిలీనీ రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలో లెక్కించాలి. సొంత వాలెట్‌కు మార్చుకుంటే, ఆ వాలెట్ ఎవరిదన్న ప్రకటన పాన్‌కు జతపడాలి. తిరిగొచ్చిన ప్రవాసుల పాత క్రిప్టోకు మినహాయింపు ఉందని ఒక్క వాక్యంలో రాయాలి. చట్టం చేస్తే క్రిప్టోకు గౌరవం ఇచ్చినట్లవుతుందని వెనకాడేవారున్నారు. 30 శాతం పన్ను వేసిన రోజే ఆ మొహమాటం తీరిపోయింది. వాలెట్లను ఎవరు ఆపగలరన్న వాదన కూడా నిలవదు. హవాలాను పూర్తిగా ఆపలేకపోయినా దాన్ని చట్టవిరుద్ధమని రాసుకున్నాం, పట్టుబడినవారిపై కేసులు పెడుతున్నాం.

విదేశాల నుంచి వచ్చిన ఖాతా వివరాలు ముందు పెట్టుకున్న అధికారికి ఏ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలో తెలియాలి. అందుకున్నవాడికి తను చేసిన తప్పేమిటో తెలియాలి. ఇందుకు 2027 దాకా ఆగనక్కర్లేదు. వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే కేంద్రం ఫెమా సవరణ బిల్లు పెట్టాలి.